పడవ భోజనం: నిల్వ సరుకు

పడవ మీద తినడానికి ఒడ్డునే సమకూర్చుకుని ఎక్కించుకునే ఆహారం ఈ వ్యాసానికి విషయం. డబ్బాల్లో వచ్చే కూరలు, వేడిచేస్తే చాలే ప్యాకెట్లు, పొడులు, పచ్చళ్ళు, అటుకులు, రవ్వలు, ఎండబెట్టిన సరుకు అన్నీ ఇందులోకి వస్తాయి. తెలుగువాళ్ళకు దీని అవసరం చాలా తీరుల్లో పడింది. పూర్వం వలస ఓడల్లో, నేడు విశాఖ మరబోట్లలో, నౌకాదళపు తెరచాప నౌకల్లో, కొంతవరకు విహారయాత్రల్లో. హైదరాబాద్ ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట నుంచి చూస్తే ఈ విషయం దూరపుదిగా అనిపిస్తుంది. కానీ సరుకు ఎప్పుడూ దొరికేది నేల మీదే. పడవ ఎక్కాక కొనేదేమీ ఉండదు.

శివార్ల సంగతి

మేడ్చల్ 44వ నంబరు జాతీయ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. రెండూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోవి. శామీర్‌పేట పెద్దచెరువు నిజాం కాలం నాటిది. వారాంతాల్లో జనం గట్టు మీదికి వస్తారు, దాబాల్లో తింటారు, చీకటిపడితే వెళ్ళిపోతారు. రాత్రి పడవలో ఉండి వండుకు తినే ప్రయాణాలకు ఇక్కడి చెరువుల్లో చోటు లేదు. ఇక్కడివాళ్ళు నిజంగా పడవెక్కి భోజనం చేసేది నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వెళ్ళే లాంచీలోనో, పాపికొండల యాత్రలోనో. సాగర్–శ్రీశైలం దారి సుమారు 110 కిలోమీటర్లు, పట్టేది ఐదారు గంటలు. జలాశయంలో నీళ్ళు నిండుగా ఉన్న కాలంలోనే లాంచీ తిరుగుతుంది. ఈ రెండు యాత్రల్లోనూ భోజనం సాధారణంగా టికెట్టులోనే కలిసి ఉంటుంది. కాబట్టి ప్రయాణికుడు సంచిలో వేసుకునేది చిరుతిండి వరకే.

అయినా నిల్వ సరుకు దొరికే చోటుగా ఈ ప్రాంతం తక్కువదేమీ కాదు. హకీంపేటలో వైమానిక దళ కేంద్రం ఉంది. బొల్లారం, అల్వాల్, యాప్రాల్, సైనిక్‌పురి అంతటా కంటోన్మెంటు నీడ, రిటైరైన సైనికుల ఇళ్ళు కనిపిస్తాయి. డబ్బా ఆహారం మామూలు తెలుగింట్లో అరుదు. మిలిటరీ క్యాంటీన్ కార్డున్న ఇళ్ళలో అంత అరుదు కాదు. కొంపల్లి, సుచిత్ర వైపు సూపర్ మార్కెట్లలో బేక్డ్ బీన్స్, స్వీట్ కార్న్, పుట్టగొడుగులు, పైనాపిల్ ముక్కలు, ట్యూనా చేప డబ్బాలు ఒక అరలో ఉంటాయి. రెడీ టు ఈట్ ప్యాకెట్లు దానికి మూడింతల చోటు ఆక్రమిస్తాయి. చుట్టుపక్కల కోళ్ళ ఫారాలు ఎక్కువ కాబట్టి ఫ్రిజ్ మొహం చూడని తాజా గుడ్లు సులువుగా దొరుకుతాయి. పడవ సరుకులో గుడ్డు విలువ ఏమిటో తరవాత వస్తుంది.

వలస ఓడల్లో

తెలుగువాళ్ళ పడవ భోజనానికి రాతలో మిగిలిన పాత ఆధారాలు వలస కూలీల ఓడలవే. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నెలకు పైబడిన ఆ ప్రయాణంలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఈ ఓడల్లో ఎవరికి రోజుకు ఎంత బియ్యం, పప్పు, నెయ్యి, ఉప్పు, పసుపు, చింతపండు, ఉల్లి, మిరప ఇవ్వాలో సర్కారు నిబంధనలు చెప్పేవి. వాటితో పాటు వండనక్కరలేని సరుకు కూడా ఎక్కించాలనే నియమం ఉండేది. గాలివానలో ఓడ ఊగుతుంటే పొయ్యి వెలిగించలేరు. ఆ రోజులకు అటుకుల్లాంటి పొడి తిండి, తీపి, బిస్కెట్లు వేరుగా దాచేవారు. తయారుగా ఉన్న తిండి అనే ఆలోచన సూపర్ మార్కెట్ కంటే పాతదని ఈ నియమం చెబుతుంది. కాకినాడ, విశాఖల నుంచి రంగూన్ వెళ్ళిన స్టీమర్లలో డెక్కు మీద ప్రయాణించిన వేలాది తెలుగు కూలీల కథ వేరు. ఆ టికెట్టులో సుఖాలు లేవు. మూటలో ఉన్నదే ఆధారం.

ఐరోపాలో డబ్బా ఆహారం కూడా సైన్యం, నౌకల కోసమే పుట్టింది. ఫ్రాన్సులో నికొలా అప్పేర్ గాజు సీసాల్లో ఆహారాన్ని మూసి మరిగించే పద్ధతిని 1810లో పుస్తకంగా వేశాడు. అదే ఏడు ఇంగ్లండులో పీటర్ డ్యూరండ్ తగరపు పూత పూసిన ఇనుప డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. 1813 నాటికి బ్రయన్ డాంకిన్ కంపెనీ డబ్బాల మాంసం బ్రిటిష్ నౌకాదళానికి అందింది. డబ్బా తెరిచే పరికరం మాత్రం మరి నాలుగు దశాబ్దాలకు గాని రాలేదు. అప్పటిదాకా ఉలీ సుత్తే గతి.

నిప్పు, నీళ్ళు

పడవ మీద తిండికి కరువు రాదు. ముందు కరువయ్యేవి మంచినీళ్ళు, ఆ తరవాత వంటచెరకు. ఒక సరుకు పడవకు పనికొస్తుందా లేదా అని తేల్చేది రుచి కంటే ఈ రెండే.

ఈ లెక్కన చూస్తే తెలుగువాళ్ళ ప్రధానాహారమే పెద్ద చిక్కు. కిలో బియ్యం ఉడకడానికి రెండు రెండున్నర లీటర్ల నీళ్ళు కావాలి. కడగడానికి పోయేవి వేరే. గంజి వార్చే అలవాటుంటే నష్టం ఇంకా ఎక్కువ. పడవలో అత్తెసరు తప్ప మరో దారి లేదు, ప్రెషర్ కుక్కరైతే మరీ మంచిది. మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఒరిగినా వేడినీళ్ళు మీద పడవు. సముద్రం మీద నీళ్ళు ఆదా చేయడానికి వంట నీళ్ళలో కొంత ఉప్పునీరు కలపడం నావికుల పాత పద్ధతి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నాలుగో వంతు కలిపినా ఇక ఉప్పు వేయనక్కరలేదు. హార్బరు దగ్గరి నీళ్ళతో ఈ పని చేయకూడదు.

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు అని పడవవాళ్ళు లెక్క వేసుకుంటారు. నలుగురు మూడు రోజులు ఉండాలంటే 48 లీటర్లు. వాడుకలో ఉన్న 20 లీటర్ల క్యాన్లు మూడు తీసుకుంటే కొంచెం మిగులు. ఒకే పెద్ద ట్యాంకు కంటే విడివిడి క్యాన్లు నయం. ఒకటి కారినా, పాడైనా మిగతావి ఉంటాయి.

నిప్పు విషయంలో జాగ్రత్త ఇంకా కటువుగా ఉండాలి. వంట గ్యాసు గాలికన్నా బరువు. ఇంట్లో లీకైతే కిటికీ తలుపులు తెరిస్తే బయటికి పోయే దారి ఉంటుంది. పడవలో అది కిందికి దిగి అడుగున, ఇంజను పక్కన నిలిచిపోతుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒక బోటుకు అంటుకున్న మంట పక్కపక్కన కట్టి ఉన్న దాదాపు నలభై బోట్లను కాల్చేసింది. బోట్లలో ఉన్న డీజిలు, గ్యాసు సిలిండర్లు దాన్ని ఆపలేనంతగా పెంచాయి. పొయ్యి వెలిగించే గంటలను తగ్గించే ఏ తిండైనా ఆ మేరకు భద్రత కూడా ఇస్తుంది.

ఇంటి అరలోనే ఉన్న సరుకు

డబ్బాల దగ్గరికి పోయేముందు తెలుగు వంటింటి అర ఒకసారి చూడాలి. సగం పడవ సరుకు అక్కడే ఉంటుంది. ఈ మాట మనవాళ్ళను మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. ఫ్రిజ్ లేని, ఎండ మండే ఊళ్ళలో తయారైన వంటలన్నీ పడవకూ పనికొస్తాయి, ఎందుకంటే అక్కడా ఇక్కడా ఉన్న ఇబ్బంది ఒకటే.

అటుకులు ముందు వరసలో నిలుస్తాయి. వాటిని ధాన్యంగా ఉన్నప్పుడే వేడి తగిలించి దంచుతారు కాబట్టి మళ్ళీ ఉడికించే పని లేదు. కాసిన్ని నీళ్ళు చల్లి, పెరుగో బెల్లమో కలిపితే పొద్దుటి తిండి అయిపోతుంది. పల్చటివి త్వరగా నానతాయి, లావువి పోపులో నిలుస్తాయి. రెండో వరస ముందే దోరగా వేయించిన ఉప్మారవ్వ. పోపు గింజలు, ఎండుమిర్చి, ఎండబెట్టిన కరివేపాకు వేసి ఇంట్లోనే కలిపి ఉంచితే మరిగే నీళ్ళలో పోయడమే మిగులుతుంది. బజారులోని ఇన్‌స్టంట్ ఉప్మా కూడా ఇదే పని చేస్తుంది, కాస్త ఎక్కువ ధరకు. పులిహోర కోసం చింతపండు గుజ్జును నూనెలో బాగా ఉడికించి సీసాకెత్తితే వారాలు నిలుస్తుంది. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి, పల్లీల కారం ఉంటే అన్నానికి కూర లేని లోటు తెలియదు. కందిపొడిలో పప్పు ఉంది కనుక కొంత మాంసకృత్తుల అవసరం కూడా తీరుతుంది. పప్పు ఉడికించే అరగంట నిప్పు మిగులుతుంది.

తెలంగాణ ఇళ్ళలో ఇంకొన్ని ఉన్నాయి. జొన్నరొట్టెను తడి లేకుండా కాల్చి ఎండనిస్తే కరకరలాడుతూ రోజుల తరబడి పాడుకాదు. సకినాలు, చెక్కగారెలు వారాలకు వారాలు ఉంటాయి. సర్వపిండి ఆ పూటకో మర్నాటికో బాగుంటుంది, పడవకు దాన్ని నమ్ముకోకూడదు. సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టుకు పట్టుకెళ్ళే సత్తుపిండి, మలీద ముద్దలూ ప్రయాణపు తిండిగా బాగా కుదురుతాయి. వేయించి దంచిన పిండిలో బెల్లం, నెయ్యి ఉంటాయి కాబట్టి నీళ్ళు, నిప్పు రెండూ అడగవు. పట్టెడు తింటే పూట గడుస్తుంది. అదే సద్దుల్లో వచ్చే పెరుగన్నానికి మాత్రం ఎండలో ఆ పూటే ఆయుష్షు.

పచ్చడి గురించి కొంచెం విడిగా చెప్పాలి. ఆవకాయ పాడుకాకుండా ఉండడానికి కారణం ఉప్పు, పులుపు, ఆవపిండి, పైన తేలే నూనె అన్నీ కలిసి చేసే పని. ఆమ్లత 4.6 కంటే తక్కువ పిహెచ్‌లో ఉన్నప్పుడు ప్రాణాంతకమైన బోటులినమ్ సూక్ష్మజీవి పెరగదు. మామిడి, చింతపండు, నిమ్మ పచ్చళ్ళు ఆ గీతకు బాగా దిగువనే ఉంటాయి. తడి చెంచా తగిలితే మాత్రం బూజు వస్తుంది. ప్రియా ఫుడ్స్ 1980లో హైదరాబాద్‌లో మొదలయ్యాక సీసా పచ్చడి ఊళ్ళు దాటి సముద్రాలు దాటింది. పడవకు గాజు సీసా పనికిరాదు. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోవాలి. పచ్చడి మీద ఆధారపడితే ఇంకో ఇబ్బంది ఉంది. ఉప్పు ఎక్కువైతే దాహం ఎక్కువ, దాహానికి మళ్ళీ నీళ్ళు. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రెండు పూటలా ఆవకాయతో తింటే ఆ హద్దు దాటడం తేలిక.

డబ్బా, ప్యాకెట్టు

ఇంటి సరుకు తీర్చలేని లోటు రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి కూరగాయలు, రెండోది మాంసం, చేప. డబ్బాలు, రెడీ టు ఈట్ ప్యాకెట్లు అవసరమయ్యేది అక్కడే.

రెండింటి వెనుక సూత్రం ఒకటే. ఆహారాన్ని గాలి చొరకుండా మూసి, ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తారు. నూరు డిగ్రీల దగ్గర చావని సూక్ష్మజీవుల బీజాలు అక్కడ చస్తాయి. డబ్బా ఇనుముది. ప్యాకెట్టు అల్యూమినియం రేకుకు అటూ ఇటూ ప్లాస్టిక్ పొరలు అతికించినది. పల్చగా ఉండడం వల్ల దాని మధ్యభాగం త్వరగా వేడెక్కుతుంది, అందుకే లోపలి పదార్థం డబ్బాలో అంతగా మెత్తబడిపోదు. మనదేశంలో ఈ ప్యాకెట్టు విద్య సైనికుల కోసం వృద్ధి చెందింది. మైసూరులో 1961లో ఏర్పడ్డ రక్షణ ఆహార పరిశోధనశాల దీనికి పేరుపొందింది. అక్కడి పద్ధతులు తరవాత ఎమ్‌టీఆర్ వంటి కంపెనీల ద్వారా మామూలు దుకాణాలకు వచ్చాయి.

పడవకు ప్యాకెట్టే మెరుగు. బరువు తక్కువ, తుప్పు పట్టదు, తెరవడానికి పనిముట్టు అక్కరలేదు, మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి ఆ నీళ్ళనే టీకి వాడుకోవచ్చు. అవసరమైతే చల్లగానే తినొచ్చు. మూడొందల గ్రాముల ప్యాకెట్టు అన్నంతో ఇద్దరికి సరిపోతుంది. వాటిలో పాలక్ పనీర్, రాజ్మా, దాల్ మఖని లాంటి ఉత్తరాది వంటలు ఎక్కువ. సాంబారన్నం, పొంగలి కొంత దొరుకుతాయి. గోంగూర పప్పు, బీరకాయ పప్పు కోసం వెతుక్కోవాల్సిందే. డబ్బాల్లో నిజంగా పనికొచ్చేవి చేప, ఉడికించిన సెనగలు, స్వీట్ కార్న్, పాలమీగడ, మిల్క్‌మెయిడ్. రసగుల్లా డబ్బా పండగ పూటకు. పాలకు టెట్రా ప్యాకులు, పాలపొడి రెండూ ఉండాలి. పాలపొడితోనూ పెరుగు తోడుకుంటుంది, కాకపోతే గిన్నె ఊగుతున్నంతసేపూ గట్టిపడదు. వెడల్పు నోరున్న ఫ్లాస్కులో తోడేసి కదలని మూల పెట్టాలి.

ఉబ్బిన డబ్బా, ఉబ్బిన ప్యాకెట్టు ఎంత ఆకలిలోనూ తెరవకూడదు. రుచి చూసి తేల్చుకునే ప్రయత్నం మరీ ప్రమాదం. బోటులినమ్ విషానికి రుచీ వాసనా ఉండవు.

వేట బోట్లలో

విశాఖ హార్బరు నుంచి వేటకు వెళ్ళే మరబోటు పది పదిహేను రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, కడలి మీద ఉంటుంది. ఆరుగురు ఎనిమిదిమంది మనుషులు. బయలుదేరేముందు డీజిలు, ఐసు, మంచినీళ్ళు, రేషన్ ఎక్కిస్తారు. రేషన్ అంటే బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు, బంగాళదుంపలు, చింతపండు, కారం, టీపొడి, పంచదార. డబ్బా ఆహారం ఈ జాబితాలో దాదాపు కనిపించదు. కూరకు వల ఉంది. వలలో పడ్డవాటిలో అమ్మకానికి రానివి పులుసులోకి వెళతాయి. రోజుకు రెండుసార్లు వేడి అన్నం, చేపల పులుసు తినే మనిషికి ట్యూనా డబ్బా చూపిస్తే నవ్వుతాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో బోట్లు ఒడ్డునే ఉంటాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు చాలామంది గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళ్ళి అక్కడి బోట్లలో పనిచేస్తారు. బోటు పెద్దను తండేల్ అంటారు. వీళ్ళలో కొందరిని 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుని 2020 జనవరిలో విడిచిపెట్టింది. ఆ బోట్లలోనూ సరుకు యజమాని వేయించేదే, వంట పనివాళ్ళదే. ఉప్పాడ వైపు చిన్న పడవలవాళ్ళు తెల్లవారుజామున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగివస్తారు. వాళ్ళకు చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే చాలు.

తారిణి

తెలుగువాళ్ళు పాల్గొన్న ప్రయాణాల్లో నిల్వ తిండికి అతి పెద్ద పరీక్ష నౌకాదళపు తెరచాప నౌక తారిణిది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చింది. 56 అడుగుల నౌకలో ఆరుగురు మహిళలు. వర్తికా జోషి నాయకురాలు. ఆరుగురిలో పి. స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్ అమ్మాయి. ఫ్రీమాంటిల్, లిటెల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగారు. చివర్లో చుక్కాని యంత్రం చెడి మారిషస్‌లోనూ ఆగాల్సి వచ్చింది. లిటెల్టన్ నుంచి పోర్ట్ స్టాన్లీ దాకా దక్షిణ పసిఫిక్‌లో నలభై రోజులకు పైగా ఎక్కడా ఒడ్డు తగలదు. ఆ చలిలో, ఆ అలల్లో పొయ్యి మీద గిన్నె నిలపడమే ఒక పని. ఇలాంటి నౌకల్లో పొయ్యిని ఇరుసు మీద వేలాడదీస్తారు, నౌక ఒరిగినా పొయ్యి నిలువుగా ఉంటుంది. 2024 అక్టోబరులో ఇదే నౌకలో దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులు రెండో పరిక్రమకు వెళ్ళినప్పుడు, సముద్రం మీద ఆహారం గురించిన అధ్యయనంలో భాభా అణు పరిశోధన కేంద్రం పాలుపంచుకుంది.

సర్దడం

సరుకు కొనడం కంటే సర్దడం కష్టం. అట్టపెట్టెలు పడవలోకి తేకూడదు, వాటి మడతల్లో బొద్దింక గుడ్లు వస్తాయి. డబ్బాల కాగితపు చీటీలు తేమకు ఊడిపోతాయి. చెరగని మార్కరుతో మూత మీద పేరు, గడువు రాసుకోకపోతే కూర అనుకుని పైనాపిల్ తెరుస్తారు. బరువైనవి అడుగున, మధ్యలో ఉండాలి. ముందు కావాల్సినవి పైన. రోజుకో సంచి కట్టుకుంటే వెతుకులాట తప్పుతుంది.

కూరగాయల్లో గుమ్మడి, క్యాబేజీ, దోసకాయ, చామగడ్డ, ఉల్లి ఫ్రిజ్ లేకుండా నిలుస్తాయి. ఉల్లిని, బంగాళదుంపను ఒకే సంచిలో పెట్టకూడదు. కడగని గుడ్లకు నూనె రాసి రెండు రోజులకోసారి తిప్పి పెడితే వారాలు ఉంటాయి. మేడ్చల్ వైపు ఫారాల దగ్గర కొన్నవి ఇందుకు మంచివి, ఫ్రిజ్‌లోంచి తీసినవి పనికిరావు.

పై లెక్క ప్రకారం నలుగురికి మూడు రోజుల సరుకు ఇలా ఉంటుంది. పూటకు మనిషికి 125 గ్రాముల చొప్పున రెండు పూటలకు 3 కిలోల బియ్యం. పొద్దుటికి కిలోన్నర అటుకులు, అరకిలో రవ్వ. ఆరు కూర ప్యాకెట్లు, రెండు డజన్ల గుడ్లు, పొడులు రెండు రకాలు, పచ్చడి ఒకటే. నిప్పు లేకుండా ఒక రోజంతా గడిచేంత సత్తుపిండి, రొట్టె, పల్లీ పట్టీ వేరే సంచిలో కట్టి, ఆ సంచి చివరిదాకా ముట్టుకోకూడదు.

ఇలా సొంతంగా వండుకునే పడవ బస మనవాళ్ళకు ఎక్కువగా తటస్థపడేది అమెరికాలో. అక్కడి షాస్తా, పావెల్ జలాశయాల మీద హౌస్‌బోట్లు రోజుల లెక్కన అద్దెకిస్తారు. పొయ్యి, ఫ్రిజ్ ఉంటాయి, సరుకు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఇండియన్ స్టోరులో ఫ్రోజెన్ పరోటాలు, చపాతీలు, దోసెపిండి దొరుకుతాయి కాబట్టి అటుకులదాకా రానక్కరలేదు. కోనసీమలో దిండి హౌస్‌బోట్లలో ఆ శ్రమ కూడా లేదు, వంటవాళ్ళు పడవలోనే ఉంటారు.

ఖాళీ ప్యాకెట్లు మళ్ళీ సంచిలో వేసుకుని ఒడ్డుకు తేవాలి. రేకు, ప్లాస్టిక్ అతుక్కుని ఉండే ఆ పొరలను విడదీయడం కష్టం, పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. ఇనుప డబ్బా అయితే నలగ్గొట్టి ఇస్తే తూకానికి కొంటాడు.